ఆ మాట ఎవరి కోసం అన్నారు?

నేను ఈ శిక్షణలో చేరడానికి కారణం ఒకే ఒక్క మాట. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడకు భర్త గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. రెండు వారాల తర్వాత ఆవిడ మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు, ఎదురుపడ్డాక ఏదో ఒకటి అనాలి కదా అని, "పోనీలెండి, మంచాన పడి నరకం చూడకుండా వెళ్లిపోయారు, అదీ ఒక అదృష్టమే" అన్నాను. ఆవిడ క్షణం పాటు నా ముఖంలోకి చూశారు. "నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయారు" అని తల దించుకుని కంప్యూటర్ ఆన్ చేసుకున్నారు. తర్వాత మూడేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన ఊసు మా మధ్య మళ్లీ రాలేదు. పుండు మీద కారం చల్లింది నేనేనని నాకు తెలుసు. మరి ఏమనాల్సిందో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ "ఏమనాలి" నేర్చుకుందామనే, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు తోడుండే కౌన్సెలర్ల శిక్షణకు దరఖాస్తు పెట్టాను.

పది నెలల కోర్సు. వారానికో పూట క్లాసు, నెలకో రోజంతా ప్రాక్టీసు, చివరి నాలుగు నెలలు సూపర్‌వైజర్ కనుసన్నల్లో నిజమైన క్లయింట్లతో పని. మొత్తం 14 మందిమి. నర్సులు, టీచర్లు, రిటైరైన ఇంజనీరు ఒకాయన, ఇద్దరు సైకాలజీ విద్యార్థులు. దరఖాస్తులోనే ఒక ప్రశ్న ఉంది: మీకు బాగా దగ్గరివాళ్లు ఎవరైనా చనిపోయారా, ఎంత కాలమైంది? ఈ మధ్యనే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లయితే కొంతకాలం ఆగి రమ్మంటారు. నేను "అక్క, 11 ఏళ్లు" అని రాశాను. ఇంటర్వ్యూలో, కోర్సు నడిపే మేడమ్ దాని గురించి అడిగితే "అది ఎప్పుడో అయిపోయిందండీ" అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా కాగితం మీద చిన్నగా ఏదో రాసుకున్నారు.

మొదటి రోజు "దుఃఖం గురించి మీకు తెలిసింది చెప్పండి" అనగానే సగం మందిమి ఒక్కసారే "అయిదు దశలు" అన్నాం. నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. వేళ్ల మీద లెక్కపెట్టి అప్పజెప్పేశాం. మేడమ్ బోర్డు మీద ఎలిజబెత్ కుబ్లర్-రాస్ పేరు, పక్కన 1969 రాశారు. ఆ డాక్టర్ మాట్లాడింది చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో. వాళ్ల మాటల్లోంచి పుట్టిన ఆ అయిదూ, పోయినవాళ్ల కోసం ఏడ్చే ప్రతి ఒక్కరూ ఎక్కి తీరాల్సిన మెట్లన్నట్టు జనం నోళ్లలో స్థిరపడిపోయాయి. అలా వరుసగా జరగాలని తాను అనలేదని ఆవిడే తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. మేడమ్ దగ్గరికి ఒకసారి ఒకావిడ వచ్చి, "నాకింతవరకు కోపం రాలేదు. ఆయన్ని నేను నిజంగా ప్రేమించలేదేమో" అని కుమిలిపోయారట. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషికి పైన ఇంకో పరీక్ష, అందులో తప్పానన్న భయం. ఆ సంగతి విన్నాక నేను మళ్లీ ఎప్పుడూ ఆ అయిదింటి పేరు ఎత్తలేదు.

ప్రాక్టీసు ముగ్గురేసి జట్లుగా. ఒకరు కౌన్సెలర్, ఒకరు క్లయింట్, ఒకరు పక్కన కూర్చుని గమనించేవారు. కల్పించిన కథలు వద్దు, మీ జీవితంలోంచే ఏదైనా చిన్న నష్టం చెప్పండి అన్నారు. నా ముందు కూర్చున్న నర్సు తన పెంపుడు కుక్క చనిపోయిన సంగతి మొదలుపెట్టింది. చివరి రాత్రి దాని ఊపిరి ఎలా ఆగి ఆగి వచ్చిందో చెబుతుంటే ఆమె గొంతు సన్నబడింది. నేను చటుక్కున, "పద్నాలుగేళ్లు ఎంతో బాగా చూసుకున్నారు కదండీ" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను.

మేడమ్ మా దగ్గర ఆగారు. "ఆ మాట ఎవరి కోసం అన్నారు?"

"ఆమె కోసమేనండీ."

"ఆమెను చూడండి."

చూశాను. నర్సు సర్దుకుని కూర్చుంది. పెదవుల మీద చిన్న నవ్వు. "అవును, బాగానే చూసుకున్నాం" అంది. అంతే, కథ అక్కడ ఆగిపోయింది. ఆ చివరి రాత్రి గురించి ఆమె ఇంక చెప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగేసరికి నాకు ఊపిరాడలేదు, అందుకే మూత పెట్టేశాను. ఆ పది నెలల్లో మేడమ్ ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. తిట్టినట్టు ఎప్పుడూ అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగేవారు, అందుకే తప్పించుకోవడం కుదిరేది కాదు.

అప్పుడే ఇంకో విషయమూ తెలిసింది. కుక్క కోసం ఏడవడానికి కూడా ఆ నర్సు ముందు మాకు క్షమాపణ చెప్పుకుంది. లోకం దుఃఖంగా లెక్కకట్టని దుఃఖాలు చాలా ఉన్నాయి. కడుపులోనే పోయిన బిడ్డ, విడాకులు తీసుకున్న భర్త మరణం, బయటికి చెప్పుకోలేని ప్రేమలో మనిషి పోవడం. కెన్నెత్ డోకా అనే ఆయన 1989లో దీన్నంతా ఒక పేరు కింద చేర్చి పుస్తకమే తెచ్చారు. ఏడ్చే హక్కు దక్కని దుఃఖం అని నేను నా నోట్సులో రాసుకున్నాను.

కోర్సు మొత్తంలో నన్ను ఎక్కువ మార్చింది రికార్డింగు పని. పది నిమిషాల సంభాషణ రికార్డు చేసి, ఇంటికెళ్లి ప్రతి మాటా, ప్రతి "ఊఁ", ప్రతి మౌనమూ సెకన్లతో సహా కాగితం మీద దించాలి. మొదటిసారి రాసి చూసుకుంటే సగానికి పైగా మాటలు నావే. అందులో "కానీ" తొమ్మిది సార్లు వచ్చింది. "కానీ మీరు చేయగలిగిందంతా చేశారు కదా." "కానీ పిల్లలున్నారు కదా." మేడమ్ ఒక్కొక్క "కానీ" చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, దాని ముందున్న క్లయింటు వాక్యాన్ని కొట్టేస్తూ పోయారు. "మీ కానీ ఇలా చేస్తుంది" అన్నారు. పేజీ చూస్తే క్లయింటు చెప్పిందంతా చెరిగిపోయి, నా ధైర్యవచనాలు మాత్రం మిగిలాయి.

మన భాషలో ఓదార్చడం అంటే ఏడుపు మాన్పించడమే అన్నంతగా కలిసిపోయాయి ఆ రెండూ. ఊరుకోండి. ధైర్యం చెప్పాల్సిన మీరే ఇలా అయిపోతే ఎలా. కాలమే అన్నీ మాన్పుతుంది. ఇవి చెడ్డ మాటలని నేననను, ప్రేమతోనే అంటాం. పసిపిల్లను ఊరుకోబెట్టినట్టు పెద్దవాళ్లనూ ఊరుకోబెడతాం. కాకపోతే వాళ్లు మన ముందు ఊరుకుని, తలుపులు వేసుకున్నాక ఒంటరిగా ఏడుస్తారు.

మౌనం కూడా సాధన చేయించారు. చేతి గడియారం పెట్టి, క్లయింటు మాట ఆపాక మేం ఎన్ని సెకన్లు ఆగగలమో చూశారు. నాలుగో సెకనుకే నా నాలుక దురదపెట్టేది. ఇరవై సెకన్లు ఆగడం వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. వింత ఏమిటంటే, అసలు సంగతి చాలాసార్లు ఆ పదో పన్నెండో సెకను దాటాకే బయటికొస్తుంది. "అసలు ఆ రోజు నేను ఫోన్ ఎత్తలేదండీ" లాంటి మాటలు.

గదిలో చిన్నచిన్న వాటికీ లెక్క ఉంది. కుర్చీలు పూర్తిగా ఎదురెదురుగా వేయకూడదు, కాస్త ఏటవాలుగా ఉండాలి, చూపు తప్పించుకోవాలంటే తప్పించుకునే వీలుండాలి. తల తిప్పకుండా మనకు కనబడేలా గడియారం పెట్టుకోవాలి. టిష్యూ పెట్టె క్లయింటు చేతికి అందే దూరంలో ఉండాలి, మనం తీసి ఇవ్వకూడదు. ఇస్తే, ఇక తుడుచుకోండి అన్నట్టే. ఇది నాకు మొదట మరీ కఠినంగా అనిపించింది. కళ్ల ముందు మనిషి ఏడుస్తుంటే కాగితం ముక్క ఇవ్వకుండా కూర్చోవడమా? దాని అర్థం నాకు ఆరో నెలలో తెలిసింది.

ఆ రోజు అందరికీ పొడుగాటి కాగితాలు ఇచ్చి అడ్డంగా ఒక గీత గీయమన్నారు. ఒక కొస పుట్టిన రోజు, రెండో కొస ఈ రోజు. మధ్యలో మన నష్టాలన్నీ గుర్తుపెట్టాలి. మనుషులే కానక్కరలేదు, వదిలిన ఇల్లు, తెగిన స్నేహం, పోయిన ఆరోగ్యం, ఏదైనా. మిగతావన్నీ నేను వివరంగా రాశాను. అక్క దగ్గర మాత్రం ఒక చుక్క పెట్టి ముందుకు వెళ్లిపోయాను. నా జంటగా ఉన్న ఇంజనీరుగారు కాగితం చూసి, "ఈ చుక్క ఏంటమ్మా?" అన్నారు.

"అక్క చనిపోయింది."

ఆయన ఇంకేమీ అనలేదు. నేర్చుకున్నట్టే ఆగారు. ఆ మౌనంలో, పదకొండేళ్లుగా ఎవరూ అడగని, నేనెవరికీ చెప్పని సంగతి నోట్లోంచి వచ్చేసింది. కబురు తెలిసినప్పుడు నేను ఏడవలేదు. అమ్మానాన్నల్ని పట్టుకోవాలి, చుట్టాలకు ఫోన్లు చేయాలి, కాగితాల మీద సంతకాలు పెట్టాలి. అందరూ "నువ్వు గట్టిదానివి" అన్నారు. ఆ మాట పుచ్చుకుని పదకొండేళ్లు గట్టిదానిగానే ఉన్నాను. ఆ మధ్యాహ్నం పదమూడు మంది ముందు పావుగంట పాటు వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ ఊరుకో అనలేదు. ఎవరూ టిష్యూ అందివ్వలేదు. ఇంజనీరుగారు కుర్చీ కదపకుండా అలాగే కూర్చున్నారు, ఆయన ఊపిరి బరువుగా వినబడుతోంది. నేను ఎంతసేపు ఏడ్చినా ఈ మనిషి భయపడి లేచిపోడు అని ఒంటికి తెలిసింది. పెట్టె నా మోకాలి పక్కనే ఉంది. నాకు కావాల్సినప్పుడు నేనే తీసుకున్నాను.

అదే సాయంత్రం ఇంట్లో పిల్లలు చేసిన అల్లరికి పగలబడి నవ్వి, వెంటనే మనసు చివుక్కుమంది. ఇందాకే కదా అక్క కోసం అంత ఏడ్చింది! తర్వాతి క్లాసులో దానికి జవాబు దొరికింది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999లో చెప్పినదాని ప్రకారం, దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతూ ఉంటాడు. కాసేపు పోయినవాళ్ల వైపు, తలపులు, ఏడుపు, బెంగ. కాసేపు మిగిలిన బతుకు వైపు, బిల్లులు, కొత్త పనులు, నవ్వులు కూడా. ఆ ఊగడమే మనిషిని నిలబెడుతుంది. నవ్వొచ్చినందుకు సిగ్గుపడే క్లయింట్లకు తర్వాత ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా వాళ్ల భుజాలు కాస్త కిందికి జారడం చూశాను.

ఇంకో సాధన, చావును చావు అనడం. కాలం చేశారు, దాటిపోయారు, ఇక లేరు, వెళ్లిపోయారు. మనకు ఎన్ని ముసుగులో. క్లయింటు వాడిన మాటను గౌరవించాలి, కానీ మన నోటికి "చనిపోయారు" అనే మాట బరువు కాకూడదు. పిల్లల దగ్గర ఇది మరీ ముఖ్యం. తాతయ్య నిద్రపోయాడు అంటే ఆ బిడ్డ రాత్రి కళ్లు మూసుకోవడానికి భయపడుతుంది. ఊరెళ్లాడు అంటే వస్తాడని ఎదురుచూస్తుంది. శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఇక తిరిగి రారు, ఇందులో నీ తప్పేమీ లేదు. ఈ మూడూ పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం ఆ వారమంతా ఒకరికొకరం సాధన చేశాం. మూడోది చెప్పడం చాలామంది మరిచిపోతారు. తాను అలిగి అన్న మాట వల్లే అమ్మ చనిపోయిందని లోపల్లోపల నమ్మే పిల్లలుంటారు.

ఏడో నెలలో నాకు మొదటి క్లయింటును ఇచ్చారు. ఆవిడ అనుమతితో, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను. నాకంటే పెద్దావిడ. ఒక్కగానొక్క కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయి ఎనిమిది నెలలు. పన్నెండు సెషన్లని మొదటి రోజే మాట్లాడుకున్నాం. మొదటి రెండూ ఫరవాలేదు. మూడో సెషన్‌లో ఆవిడ, "మీకేం తెలుసమ్మా, మీరంతా పుస్తకాల్లో చదివినవాళ్లు" అన్నారు. గుచ్చుకుంది. "నాకూ మా అక్క చనిపోయిందండీ" అనేశాను.

ఆవిడ ముఖం మారిపోయింది. ముందుకు వంగి నా చెయ్యి పట్టుకున్నారు. "అయ్యో తల్లీ, ఎన్నేళ్లుంటాయి? ఎలా జరిగింది?" మిగిలిన ఇరవై నిమిషాలు ఆవిడే నన్ను ఓదార్చారు. వెళ్లేటప్పుడు నా తల నిమిరి వెళ్లారు. కొడుకు మాట ఇక ఎత్తనేలేదు.

ఆ రికార్డింగు సూపర్‌వైజర్ ముందు వినిపించేటప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈసారి ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే నేనే వేసుకున్నాను. ఆ మాట నా కోసం అన్నాను. నన్ను పుస్తకాల మనిషి అనుకోవద్దని అన్నాను. సొంత సంగతి ఎప్పుడూ చెప్పకూడదని నియమమేమీ లేదు. చెప్పేముందు అది క్లయింటుకు పనికొస్తుందా, నా బరువు దింపుకోవడానికా అని చూసుకోవాలి. తర్వాతి వారం ఆవిడతో, "పోయినసారి మీ సమయం నేను తీసుకున్నాను. ఆ రోజు మీరు నాకేమీ తెలియదన్నారు. నిజమే, మీ అబ్బాయి గురించి నాకేమీ తెలియదు. చెబుతారా?" అన్నాను. ఆవిడ వాడి పేరు చెప్పారు. ఎనిమిది నెలలుగా ఇంట్లో ఎవరూ తన ముందు ఆ పేరు పలకడం లేదట, ఏడుస్తుందేమోనని. ఆ గంటలో ఆ పేరు ఇద్దరం ఎన్నిసార్లు పలికామో.

అదే రోజు ఆవిడ, "వాడి దగ్గరికే వెళ్లిపోతే బాగుండు" అన్నారు. ఇలాంటి మాట వస్తే డొంకతిరుగుడు లేకుండా అడగాలని మాకు పదేపదే నేర్పారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది అపోహ. అడగకపోతే, ఉన్న ఆలోచనతో మనిషిని ఒంటరిగా వదిలేసినట్టవుతుంది. "మీ ప్రాణం మీరే తీసుకోవాలని అనిపిస్తోందా?" నా గొంతు వణికింది, అయినా మాట పూర్తి చేశాను. ఆవిడ చాలాసేపు నేలకేసి చూసి, "లేదమ్మా. పొద్దున మెలకువ రాకపోతే బాగుండని మాత్రం అనిపిస్తుంది" అన్నారు. ఎలాగైనా చేద్దామని ఆలోచించారా, దగ్గర ఏమైనా పెట్టుకున్నారా, ఇంట్లో ఎవరికి చెప్పగలరు, అన్నీ ఒక్కొక్కటిగా అడిగాను. అదే సాయంత్రం సూపర్‌వైజర్‌కు చెప్పాను. అలాంటిది మనసులోనే దాచుకుని నిద్రపోవడానికి ఏ కౌన్సెలర్‌కూ వీల్లేదు. తర్వాతి ప్రతి సెషన్‌లోనూ అదే ప్రశ్న మళ్లీ అడిగాను.

ఎనిమిది నెలలన్న లెక్క నన్ను ఇంకోలా కూడా భయపెట్టింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11లో, ఎంతకీ తగ్గకుండా బతుకును స్తంభింపజేసే దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. దానికి కనీస గడువు ఆరు నెలలు. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకం డీఎస్‌ఎంకు అదే ఏడాది వచ్చిన సవరించిన కూర్పు పెద్దవాళ్లకు ఏడాది అంటుంది. "ఆరు నెలలు దాటింది కదండీ" అన్నాను సూపర్‌వైజర్‌తో. ఆయన, "క్యాలెండరు ఒక్కటే చూడకండి. ఆవిడ తింటున్నారా? బయటికి వెళ్తున్నారా? ఏదైనా ఒక రోజు మరో రోజుకంటే తేలిగ్గా గడుస్తోందా?" అని అడిగారు. మూడింటికీ జవాబు అవుననే. కాదని వచ్చి ఉంటే ఆవిడను నా దగ్గర ఉంచుకోకుండా, అందుకు ప్రత్యేకంగా చికిత్స నేర్చినవాళ్ల దగ్గరికి పంపాలి. కోర్సు పొడవునా మేడమ్ నొక్కి చెప్పిన మాట ఒకటుంది: దుఃఖంలో ఉన్న చాలామందికి కౌన్సెలర్ అవసరమే ఉండదు, అయినవాళ్లు దగ్గరుండి వింటే చాలు. కౌన్సెలర్లు కావాలని వచ్చిన మాకు ఆ మాట మింగుడుపడటానికి సమయం పట్టింది. ఇప్పుడు నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను.

ఆరో సెషన్‌లో ఆవిడ కొంచెం బెరుగ్గా ఒక సంగతి చెప్పారు. కొడుకు ఫోన్ తన దగ్గరే ఉంది. రోజూ రాత్రి ఛార్జింగ్ పెడతారు. ఇంట్లోవాళ్లు, ఇక దాన్ని తీసి లోపల పెట్టెయ్, ఎన్నాళ్లిలా అంటున్నారు. "ఇది పిచ్చా అమ్మా?" అన్నారు.

ఆ వారమే క్లాసులో ఈ చర్చ జరిగింది. పోయినవాళ్ల మీది మమకారాన్ని కొద్దికొద్దిగా తెంచుకోవడమే శోకం చేసే పని అని 1917లో ఫ్రాయిడ్ రాశారు. విలియం వోర్డెన్ 1982లో, దుఃఖంలో ఉన్న మనిషి చేయాల్సిన పనులు నాలుగని చెప్పినప్పుడు, నాలుగోది ఆ పాత దారిలోనే ఉంది: పోయినవాళ్ల నుంచి మనసు వెనక్కి తీసుకుని మరో బంధం మీద పెట్టడం. తర్వాతి ముద్రణల్లో దాన్ని ఆయనే దిద్దుకున్నారు. పోయినవాళ్లతో ఒక బంధాన్ని నిలుపుకుంటూనే బతుకులో ముందుకు నడవడం అని మార్చారు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు ఈ నిలిచే బంధాల మీదే పుస్తకం తెచ్చారు. తన మాటను తానే దిద్దుకున్న వోర్డెన్ మీద నాకు చాలా గౌరవం కలిగింది.

ఆవిడకు ఈ పేర్లేవీ చెప్పలేదు. "ఛార్జింగ్ పెట్టేటప్పుడు ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏం లేదు. వైరు పెట్టగానే తెర వెలుగుతుంది కదా. అది వెలిగేదాకా నిలబడతాను. వెలిగాక వెళ్లి పడుకుంటాను."

అంతకుమించి మేమిద్దరం ఏమీ అనుకోలేదు.

తొమ్మిదో సెషన్ నుంచి, ఇంకా మూడున్నాయి, రెండున్నాయి అని గుర్తుచేస్తూ వచ్చాను. మా సెషన్లు అయిపోవడమూ ఆవిడకు ఒక ఎడబాటే, అది చెప్పాపెట్టకుండా రాకూడదు. కొడుకు అలా చెప్పకుండానే వెళ్లిపోయాడు. చివరి రోజు ఆవిడ మామూలుగానే వచ్చి కూర్చున్నారు. కాసేపు చేతిసంచి సర్దుకున్నారు. "మొన్న రాత్రి ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయానమ్మా. పొద్దున గుర్తొచ్చింది" అన్నారు.

"మంచిదేనండీ" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆగాను.

"గుర్తొచ్చినప్పుడు ఎలా అనిపించింది?"

ఆవిడ కిటికీ వైపు చూశారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు సెకన్లు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. గడియారంలో ఇంకా ముప్పావుగంట ఉంది.